కంచ ఇచ్చిన ఎరువు

మియాపూర్ అనగానే ఈనాటి హైదరాబాదు వాసికి మెట్రో రైలు స్ఫురిస్తుంది. 2017 నవంబరు 28వ తేదీన నగరంలో మెట్రో ప్రారంభోత్సవం జరిగినది ఆ స్టేషనులోనే. ఎల్.బి. నగర్ నుండి వచ్చే మార్గానికి ఆ ఊరే కొస. ముంబయి రహదారికి ఇరుప్రక్కలా అంతస్తుపై అంతస్తుగా లేచిన నివాసాలు, వాటి నుండి ప్రొద్దుననే హైటెక్ సిటీ కార్యాలయాలకు బయలుదేరి ప్రొద్దుపోయి తిరిగివచ్చే వేలాది జనం. అటువంటి చోటును పేర్కొని పశువుల పేడను గూర్చి, పచ్చిక నేలను గూర్చి ప్రసంగించబూనడం కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చును. కాని ఈ సౌధాల పునాదులు దిగిన నేల నలభై ఏళ్ళ క్రితం వరకు చెలక, చెరువు, కంచ అని మూడు విధాలుగా ఉండేది. చెలకను గూర్చి, చెరువును గూర్చి చెప్పినవారు ఎందరో ఉన్నారు. కంచను గూర్చి చెప్పినవారు తక్కువ.

ఇతర ప్రాంతాలలో కంచె అంటే ముళ్ళతో కట్టిన దడి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేయడానికి విడిచిన నేల. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయమై వివాదం చెలరేగి, ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు అక్కడ చెట్లు కొట్టడాన్ని ఆపుచేసినప్పుడు ఈ మాట దేశమంతటి పత్రికలలోనూ కనిపించింది. దాని అర్థమేమని అడిగినవారు మాత్రం ఎక్కువమంది లేరు. కంచ, బంచరాయి, పోరంబోకు అని ఊరూరా వేర్వేరు పేర్లతో ఇటువంటి భూములు ఉండేవి. వాటిలో ధాన్యం పండదు; శిస్తు రాదు. అందువల్ల వాటికి బంజరు అనే పేరు స్థిరపడింది. ఆ పేరు ఎంతవరకు న్యాయమో విచారించడమే నేటి నా ప్రసంగోద్దేశం.

1980ల చివరలో వేసవి సెలవులు గడపడానికి నేను ఈ ప్రాంతంలోని మా మేనమామగారి ఇంటికి వెళ్ళేవాణ్ణి. వారికి నాలుగెకరాల ఎర్రచెలక ఉండేది. తెల్లవారగానే ఊరి పశువులన్నీ ధూళి లేపుతూ కంచకు వెళ్ళేవి. వాటి వెనుక గంపలు పట్టుకొని ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు నడిచేవారు. పేడ నేలపై పడీ పడకముందే గంపలోకి ఎత్తేవారు. సాయంకాలం మంద తిరిగివచ్చి కొట్టాలలో నిలిచేది. రాత్రి పడిన పేడ మరునాటి ఉదయం పెంటకుప్పకు చేరేది. గోడమీద చరచిన పిడకలు పొయ్యిలోకి పోయేవి. తొలకరికి ముందు పెంటకుప్పను తవ్వి బండ్లతో చెలకకు తోలేవారు. ఇక వైశాఖంలో కురుమలు తమ గొర్రెల మందను తెచ్చి మామయ్యగారి చేనిలో రాత్రులు విడిది చేయించేవారు. మంద పెట్టడమంటే అదే. అందుకు ప్రతిఫలంగా జొన్నలు కొలిచి ఇచ్చేవారు. నేటి రాత్రి ఒక మూల, రేపు మరొక మూల, ఇట్లా పది పన్నెండు రోజులలో చేనంతా తిరిగేది మంద. ముసలి కురుమ ఒకాయన నన్ను ప్రక్కన కూర్చోబెట్టుకొని, "బిడ్డా, మంద పండుకున్న భూమి మూడేండ్ల దాక యాది మరువదు" అని చెప్పిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

ఆయన చెప్పినది ముమ్మాటికీ నిజం. ఐతే ఆ గొర్రెలు పగలంతా మేసినది ఎక్కడ? కంచలో. రాత్రి తమ పెంటికలను విడిచినది చెలకలో. ఆవులు మేసినది కంచలో. వాటి పేడ చేరినది పెంటకుప్పకూ పొయ్యికీ. అంటే పశువు తన నాలుగు కాళ్ళమీద ప్రతిదినమూ కంచ సారాన్ని మోసుకొని వచ్చి చెలకకు అప్పగించేది. ఎరువు అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నవి. నేలకు బలమిచ్చేది ఒకటి; ఇతరుల నుండి అడిగి తెచ్చుకొన్నది మరొకటి. చెలకకు చేరిన ఎరువు ఈ రెండర్థాలలోనూ ఎరువే. తెచ్చుకొన్నవాడు తిరిగి ఇచ్చినట్లు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ అప్పు ఎంతటిదో కొంచెం లెక్క చూద్దాం. మేసే పశువు తాను తిన్న పోషకాలలో పాలుగా, మాంసంగా, ఉన్నిగా నిలుపుకొనేది స్వల్పం. నత్రజని, భాస్వరం, పొటాషియం వంటివి నూటికి 75 నుండి 90 పాళ్ళవరకు పేడలోనూ మూత్రంలోనూ బయటికి వచ్చేస్తవి. అందులోనూ ఒక పంపకం ఉన్నది. భాస్వరం దాదాపు అంతా పేడలోనే పోతుంది. పొటాషియం అధికభాగం మూత్రంలో పోతుంది. నత్రజనిలో సాధారణంగా సగానికి పైగా మూత్రంలోదే. మన వ్యవసాయ గ్రంథాల ప్రకారం బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. గొర్రెల, మేకల ఎరువులో ఇంచుమించు 3 శాతం. కురుమలకు జొన్నలు కొలిచిన రైతు ఈ అంకెలు చదివినవాడు కాడు, కాని బేరంలో పొరపడలేదు.

మేసిన చోటనే పశువు తన పేడను విడిచి, దానిని ఎవరూ ఎత్తకుండా ఉంటే ఏమి జరుగుతుంది? ఇది తెలియాలంటే మన నేల స్వభావం తెలియాలి. హైదరాబాదు చుట్టునూ ఉన్నవి గ్రానైటు శిలలు చితికి ఏర్పడిన ఎర్రనేలలు. ఇసుకపాలు ఎక్కువ, లోతు తక్కువ. సేంద్రియ కర్బనం సాధారణంగా అర శాతానికి లోపే. వాన కురిస్తే పైపొర గట్టిపడి అట్టకట్టుతుంది. నీరు ఇంకక పారిపోతుంది. ఎండ కాస్తే తేమ నిలువదు. భాస్వరం ఉన్నా నేలలోని ఇనుము దానిని పట్టి ఉంచి వేళ్ళకు అందనీయదు. మియాపూర్‌కు కొద్ది మైళ్ళ దూరంలో, పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనా సంస్థవారు ఈ రాష్ట్రాల మెట్టరైతుల పొలాలలో మట్టిని పరీక్షించి, గంధకం, బోరాన్, జింకు లోపాలు విస్తారంగా ఉన్నట్లు తేల్చారు. ఇటువంటి నేలలో పేడ చేసే మేలు ఒక్క నత్రజనితో ముగియదు. అది మట్టి రేణువులను గుళికలుగా కూర్చుతుంది. ఆ గుళికల సందులలో నీరు దిగుతుంది. తేమను పట్టి ఉంచుతుంది. భాస్వరాన్ని ఇనుము పట్టునుండి కొంతవరకు విడిపిస్తుంది. జింకు వంటి సూక్ష్మ ద్రవ్యాలను ఇంత ఇంతగా సమకూర్చుతుంది. అన్నిటికీ మించి మట్టిలోని అదృశ్యమైన ప్రాణికోటికి ఆహారమౌతుంది.

ఐతే పొలానికీ పచ్చికకూ ఒక పెద్ద భేదం ఉన్నది. పొలంలో ఎరువును నాగలి కలుపుతుంది. పచ్చికలో నాగలి లేదు. అక్కడ పేడ నేలపైనే పడి ఉంటుంది. దానిని మట్టిలో కలిపేవారు ఎవరు? వానకాలంలో ఆ పని చేసేది పేడపురుగు. మనం చిన్నతనంలో దానిని చూచి నవ్వుకొన్నవాళ్ళమే. తనకంటె పెద్దదైన ఉండను వెనుకకాళ్ళతో దొర్లించుకొనిపోయే ఆ నల్లని ప్రాణిని. కొన్ని జాతులు ఉండలు దొర్లిస్తవి, కొన్ని పేడక్రిందనే సొరంగం తవ్వి దానిని లోపలికి దించుతవి. వాటి సొరంగాల గుండా గాలి, నీరు నేలలోకి దిగుతవి. ఎండలో ఆవిరైపోవలసిన నత్రజని వేళ్ళ చెంతకు చేరుతుంది. వేసవిలో ఈ బాధ్యత చెదలది. ఎండిన పేడకడిని కాలితో తిప్పి చూడండి. క్రింద తడిమట్టి పూత, సన్నని గొట్టాలు కనిపిస్తవి. ఇంటి వాసాలకు పట్టినప్పుడు మనం శపించే చెదలు కంచలో మాత్రం ఊరివారందరి తరపున వెట్టిచాకిరీ చేస్తున్నవి.

ఈ ప్రాణుల విలువ వాటిని కోల్పోయినవారికి బాగా తెలుసు. ఆస్ట్రేలియాలో ఆదినుండి ఉన్న పేడపురుగులు కంగారూల పొడి పెంటికలకు అలవాటుపడినవి. ఐరోపావారు తెచ్చిన ఆవుల పేడను అవి ముట్టలేదు. పేడకడులు నెలల తరబడి అట్టలై నేలను కప్పివేసినవి. వాటి క్రింద గడ్డి చచ్చింది. వాటిలో ఈగలు పెరిగినవి. హంగరీ దేశం నుండి వలసవచ్చిన జార్జ్ బోర్నెమిస్సా అనే కీటకశాస్త్రజ్ఞుడు దీనిని గమనించి, పశువులు అనాదిగా ఉన్న దేశాల నుండి పేడపురుగులను తెప్పించాలని ప్రతిపాదించాడు. 1968 మొదలు 1984 వరకు అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ 43 జాతులను దిగుమతి చేసింది. వాటిలో 23 జాతులు స్థిరపడినవి. ఒక ఖండం డబ్బు పోసి కొని తెచ్చుకొన్న సేవకులు మన కంచలలో పిలువకుండానే పనిచేస్తున్నారు. నట్టల నివారణకై పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వంటి మందు పేడలో కొన్ని దినాలపాటు వెలువడుతూ ఈ పురుగుల పిల్లలను చంపుతుందని కూడా ఇక్కడనే మనవి చేస్తాను. మందు మానుమని నా అభిప్రాయం కాదు. పశువైద్యుని సలహాపై, అవసరమైన పశువుకు మాత్రమే, వీలైనంతవరకు పేడపురుగులు ముమ్మరంగా లేని కాలంలో ఇవ్వడం మంచిది.

పచ్చికలో ఎరువు సమానంగా పడదు. ఇది రెండవ విశేషం. మధ్యాహ్నం పశువులు చెట్టునీడకు చేరుతవి. సాయంకాలం నీటిగట్టుకు పోతవి. పేడ అక్కడ ఎక్కువ పడుతుంది. మూత్రం పడిన చోట నత్రజని ఎంత చిక్కగా చేరుతుందంటే, ఆ చిన్న మచ్చనే ప్రమాణంగా తీసుకొని లెక్కగడితే హెక్టారుకు వందల కిలోలు ఔతుంది. అంతటిని గడ్డి త్రాగలేదు. మండుటెండలో కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత వానతో లోపలికి జారుతుంది. మిగిలినదానితో అక్కడి గరిక ముదురు పచ్చగా చిగురిస్తుంది. పేడ పడినచోట కూడా గడ్డి ఏపుగా లేస్తుంది గాని వాసన పోయేవరకు ఆవు దానిని నోటపెట్టదు. ఇట్లా ఒకే కంచలో చెట్టు మొదట ఐశ్వర్యం, దూరపు దిబ్బమీద దారిద్ర్యం. పాత దొడ్డి ఉన్నచోటును గుర్తుపట్టడం పల్లెవారికి సులభం. అక్కడ ఉమ్మెత్త, ముళ్ళతోటకూర గుబురుగా లేస్తవి. నత్రజనిని మోజుపడి తినే మొక్కలు అవి.

నేల ఈ జ్ఞాపకాన్ని ఎంతకాలం నిలుపుకొంటుంది? ముసలి కురుమ మూడేండ్లన్నాడు. ఆయన తక్కువే చెప్పాడు. ఆఫ్రికాలో, కెన్యా దేశపు నరోక్ ప్రాంతంలో, సుమారు ఒకటిన్నర వేల నుండి మూడు వేల ఏడు వందల ఏళ్ళక్రితం పశువులను కట్టిన దొడ్ల స్థలాలను పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. చుట్టూ ఉన్న బీదనేలలో ఆ స్థలాలు ఇప్పటికీ గుండ్రని పచ్చికబయళ్ళుగా నిలిచి ఉన్నవి. భాస్వరం, నత్రజని, కాల్షియం అక్కడి మట్టిలో నేటికీ అధికం. ఆ గడ్డి మెత్తదనాన్ని గుర్తించి అడవి జంతువులు అక్కడికే మేతకు వస్తవి. వచ్చి మళ్ళీ పేడ వేస్తవి. మనిషి పోయినా దొడ్డి మాత్రం బ్రతికే ఉన్నది.

మనకూ అటువంటి చిహ్నాలున్నవి, కాని వాటి కథ వేరు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో బూడిదదిబ్బ ఒకటి ఉన్నది. ఆదిలాబాదు వైపున ఉన్న ఉట్నూరు వేరు, ఇది వేరు. రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1957లో దానిని తవ్వించి, అది కొత్తరాతియుగపు పశుపాలకుల దొడ్డి అని నిరూపించాడు. దుంగలు పాతిన గుంటలు, పశువుల గిట్టల ముద్రలు సైతం బయటపడినవి. ఆ దిబ్బ అంతా తగులబెట్టిన పేడ బూడిద. కర్ణాటక, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో ఇటువంటి దిబ్బలు అనేకం. నాలుగైదు వేల ఏళ్ళక్రితమే మన నేలపైన పచ్చిక సారం ఒకచోట కుప్పపడి, ఎన్నోమార్లు అగ్నికి ఆహుతి అయినదన్న మాట. ఎందుకు తగులబెట్టారో ఊహించడం పండితుల పని. తగులబెట్టిన పేడలోని నత్రజని ఆకాశంపాలైనదని చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు. పిడకల పొయ్యి చేసినదీ అదే.

పేడ ఎంత పడితే అంత మేలు అని మాత్రం నేను చెప్పబోవడం లేదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1856లో ప్రారంభమైన పచ్చికబయలు పరీక్ష నేటికీ సాగుతున్నది. ఏ ఎరువూ ఎరుగని మళ్ళలో 35కు పైగా మొక్క జాతులు కలిసి బ్రతుకుతున్నవి. ఏటేటా అమోనియం సల్ఫేటు వేసి, సున్నం వేయకుండా విడిచిన మళ్ళలో నేల పులిసి, మిగిలినవి రెండు మూడు జాతులే. పశువుల ఎరువు పడిన మళ్ళు ఈ రెండింటికీ నడుమ నిలిచినవి. బీదతనానికి అలవాటుపడిన సన్నని గడ్డిజాతులు, చిన్న చిన్న పూలమొక్కలు బలమైన ఎరువును సహించలేవు. ఏపుగా పెరిగినవి వాటిని కప్పివేస్తవి. కనుక పచ్చికకు కావలసినది అది కోల్పోయినంత తిరిగి రావడమే. మరొక ప్రమాదం మన కళ్ళయెదుటనే జరిగింది. సర్కారు తుమ్మ కాయలు తియ్యగా ఉంటవి. మేకలు, ఆవులు వాటిని ఇష్టంగా తింటవి. గింజలు జీర్ణంకాక పేడతోపాటే పడి, ఆ ఎరువులోనే మొలుస్తవి. ఎన్నో ఊళ్ళలో కంచ అంతా ముళ్ళకంప అయినది ఈ మార్గాననే. పేడ మంచి చెడు చూడదు. దానిలో ఏ విత్తనం ఉంటే దానినే పెంచుతుంది.

ఇంతకూ ఈ విచారమంతా నేడు ఎవరికి ఉపయోగం? 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 90 లక్షలు. దేశంలో ఇది ప్రథమస్థానం. వాటిని మేపే కంచలు ఏటేటా తరుగుతున్నవి. గొల్లలు, కురుమలు మందలతో జిల్లాలు దాటి పోతున్నారు. దారిలో రైతులు వారిని పిలిచి మంద పెట్టించుకొని సొమ్ము ఇస్తున్నారు. ఇది ఉభయులకూ లాభమే. కాని కంచలో మంద పెట్టుమని సొమ్ము ఇచ్చే రైతు ఉండడు, ఎందుకంటే కంచకు రైతు లేడు. అందరిదీ అయిన నేలకు ఎరువు వేయవలసినది ఎవరు? నా ఉద్దేశంలో ఈ ప్రశ్నకు సమాధానం గ్రామపంచాయతీలోనే వెదకాలి. ఊరి బంచరాయి మిగిలి ఉన్నచోట, తొలకరికి ముందు కొన్ని రాత్రులు మందను అందులోనే విడిది చేయించి, దడిని రోజూ జరుపుతూ, బోడిబారిన దిబ్బలను ముందుగా ఎన్నుకోవాలి. తరువాత గడ్డి పూచి గింజ రాలేదాకా ఆ భాగంలోకి పశువును పోనీయరాదు. కదిలే దొడ్లతో పచ్చికను బాగుచేసే ఈ పద్ధతిని కెన్యాలో నేడు బుద్ధిపూర్వకంగా అనుసరిస్తున్నారు. మన కురుమలకు దానిని కొత్తగా నేర్పవలసిన పని లేదు. చెలకలో చేసేదే కంచలో చేయడం. ఆ పది రాత్రుల కూలి ఎవరు ఇవ్వాలన్నదే తేలవలసినది. వంటగ్యాసు వచ్చి పిడకల అవసరం తగ్గినది గనుక కంచలో పేడ ఎత్తడం మానడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు.

ఇక నగరం సంగతి. ఇక్కడి పశువులు కట్టు విప్పకుండా కొన్న మేత తింటవి. వాటి మేత ఎక్కడినుండో లారీలలో వస్తుంది. వాటి పేడలో కొంత కుండీల మొక్కలకు సంచులలో అమ్ముడుపోతుంది, కొంత కాలువలలోకి కడుగబడుతుంది. మేత పెరిగిన నేలకు అది తిరిగి చేరే దారి లేదు. చెలక కంచకు బాకీ పడినట్లే నేడు నగరం పల్లెకు బాకీ పడుతున్నది. తేడా ఏమిటంటే చెలకా కంచా ప్రక్కప్రక్కనే ఉండేవి.

మొన్నటి జ్యేష్ఠంలో తొలివానలు కురిసిన వారం రోజులకు నేను మా మేనమామగారి ఊరివైపు వెళ్ళవలసివచ్చింది. చెలక లేదు, అది ఉన్నచోట ఇప్పుడు పదంతస్తుల ఇండ్లు. కంచ ఏ హద్దుతో మొదలయ్యేదో చెప్పలేకపోయాను. వీధి చివర రెండు కట్టడాల నడుమ ఒక ఖాళీ జాగా మిగిలి ఉన్నది. అందులో అధికభాగం ఎర్రమట్టి బోడిగా, అక్కడక్కడ గరికతో ఉన్నది. ఒక మూలన మాత్రం, ఇంచుమించు నాలుగు గుంజలు పాతి దడి కట్టినంత మేర, ఉమ్మెత్త మోకాలెత్తున లేచి తెల్లగా పూచి ఉన్నది. కావలివానిని అడిగాను, ఇక్కడ పూర్వం ఏముండేదని. తనకు తెలియదనీ, తాను వచ్చి రెండేళ్ళే అయినదనీ, ఆ మొక్కలను ఎన్నిసార్లు పీకించినా వాన పడగానే ఆ ఒక్కచోటనే మళ్ళీ వస్తున్నవనీ అతడు చెప్పాడు.